గుమ్మం దగ్గర చేతులు మారిన గరిటె

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు స్నేహ అమలాపురంలో కేకుల కొట్టు తెరిచింది. రాజోలులో ఉన్న నాకోసం పొద్దున్నే కారు పంపేరు. "అత్తా, నువ్వు రాకపోతే రిబ్బను కత్తిరించేది లేదు" అని ఆ పిల్ల ఫోనులో ఒకటే గోల. నేనంటే దానికి ప్రేమే, కాదనను. కారు దిగి తలెత్తేసరికి కొట్టు మీద మంచమంత బోర్డు కనబడింది. 'గ్రేసమ్మ టీచరు గారి వంటిల్లు' అని ఎర్రక్షరాలు, ఆ పక్కన మా అమ్మ ఫోటో. తెల్లంచు నేత చీర, నల్లఫ్రేము కళ్ళజోడు, మెడలో సన్నటి గొలుసు. ఆ ఫోటో నేనెరుగుదును. బళ్ళో తీసింది. అసలు ఫోటోలో అమ్మ నల్లబల్ల పక్కన నిలబడి ఉంటుంది, కుడిచేతిలో సుద్దముక్క ఉంటుంది. ఈ బోర్డు మీద నల్లబల్ల తీసేసి కేకులూ పువ్వులూ వేయించేరు. సుద్దముక్క పోయి ఆ చేతిలోకి గరిటె వచ్చింది.

"బావుందా అత్తా? కంప్యూటర్లో చేయించేం" అంది స్నేహ.

"గరిటె పెట్టమని ఎవరు చెప్పేరే?"

"నాన్నే. నానమ్మంటే చేతిలో గరిటె ఉండాలి కదా అన్నారు."

మా అమ్మ చేతిలో గరిటె ఎంతసేపు ఉండేదో, ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఉండేదో ఈ భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. వంటపాక గుమ్మం దగ్గర్నుంచి చావిట్లో వేసిన కంచాల దాకా. అంతే దాని ప్రయాణం. ఆ మాట అప్పుడే అనేద్దామని నోటిదాకా వచ్చింది. శుభమా అని కొట్టు తెరుస్తున్నారు, ఎందుకొచ్చిన గొడవలే అని మింగేసేను. మింగడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. కానీ ఇంటికొచ్చేక ఆ గరిటె కళ్ళముందు నుంచి కదలట్లేదు. అందుకని రాస్తున్నాను.

మా తాతల కాలం దాకా మావాళ్ళు ఊరి రైతుల చేలల్లో ఊడ్పులూ కోతలూ చేసి బతికినవాళ్ళు. మిషను బడి పుణ్యమా అని నాన్నగారు పంచాయతీ ఆఫీసులో గుమాస్తా అయ్యేరు. అమ్మ ట్రైనింగయ్యి ఊళ్ళో బడికే టీచరుగా వచ్చింది. మా వీధిలో ఉద్యోగానికి వెళ్ళిన మొదటి కోడలు ఆవిడే. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది. "ఉద్యోగం చేసుకో తల్లీ, నేనొద్దన్ను. నా కొడుకుల కంచాల్లో అన్నం మాత్రం చల్లారకూడదు." కొడుకులంటే నాన్నగారొక్కరే కాదు. భార్య పోయిన పెదనాన్నగారూ, ఆయన పిల్లలూ కూడా మా ఇంట్లోనే తినేవారు. వాళ్ళకి తోడు నేనూ, తమ్ముడు ప్రభూ, ఇద్దరు చెల్లెళ్ళూ. ఆ పైన నాన్నగారి కోసం ఎప్పుడు ఎవరొస్తారో చెప్పలేం. ఏ కాగితం పని మీద వచ్చినా మా ఇంట్లో ఎంగిలిపడకుండా వెళ్ళేవారు కాదు. అమ్మ ఆ షరతుకి "సరేనండి అత్తయ్య గారూ" అని తలూపి ఉద్యోగంలో చేరింది. చేరేటప్పుడు ఆవిడకి అన్నం వార్చడం కూడా సరిగ్గా రాదు.

కొన్నేళ్ళు మామ్మే వండింది. తరవాత ఆవిడ చేతులకి కీళ్ళవాతం వచ్చింది. వేళ్ళు వంకర్లు పోయి, గిన్నె దింపితే ఒలికిపోయేది. అప్పుడు నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి, ఆవిడ వెనకాల పీట వేసుకుని కూర్చుని చెప్పేది. "ఒసే దయా, డొక్క తడిగా ఉంది, అది తీసి చిప్ప పెట్టు. మంట కాదే కావలసింది, నిప్పు." మా వైపు కట్టెల కన్నా కొబ్బరి డొక్కలూ మట్టలే ఎక్కువ. వానాకాలం వచ్చిందంటే డొక్కలు నెమ్ము పట్టి పాకంతా పొగ. ఆ పొగ నా జడల్లోకీ, నా పుస్తకాల సంచీలోకీ దూరిపోయేది. బళ్ళో పక్కపిల్ల జరిగి కూర్చునేది. పొద్దున్న గంజి వార్చి, కంద బచ్చలో, వంకాయో ఏదో ఒక కూర దింపి, రెండో పొయ్యి మీద మినపరొట్టె పెట్టి, మూత మీద నిప్పులు పోసి, అప్పుడు పరుగెత్తుకుని బడికి. రొట్టెకి అడుగునా పైనా సెగ తగలాలి, లేకపోతే లోపల పిండి పిండిగా ఉండిపోతుంది. బడి మొదటి గంట కొట్టగానే మామ్మ పట్టకారుతో ఆ నిప్పులు లాగేసేది. ఆ మాత్రం ఆవిడ చేతులకి వచ్చేది. మా ఇంటి రొట్టె ఉడకడానికి ఊరి బడి గంటే ఆనవాలు. నాన్నగారూ పెదనాన్నగారూ ఆ రొట్టెని బెల్లం పానకంలో ముంచుకుని తింటూ అరుగు మీద కూర్చునేవారు. వాళ్ళకి అన్నం ఏ రోజూ చల్లారలేదు.

కేకు కూడా మామ్మ విద్యే. ఆవిడ పిల్లప్పుడు మిషను బంగళాలో గిన్నెలు తోమేదట. దొరసాని గారు వండుతుంటే చూసి చూసి పట్టేసింది. మాకు ఓవెన్లూ గీవెన్లూ ఎక్కడివి. పెద్ద డేగిసాలో గోదావరి ఇసుక జల్లించి పోసి, బాగా కాలనిచ్చి, దాని మధ్యలో కేకు గిన్నె పెట్టి, మూతేసి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పరచడం. బాతుగుడ్లు గిలక్కొట్టడానికి కొబ్బరి ఈనెల కట్ట. గిలక్కొట్టి గిలక్కొట్టి రెక్కలు పడిపోయేవి. లోపల ఏం జరుగుతోందో మూత తీసి చూడకూడదు. తీస్తే కూలిపోతుంది. వాసన పట్టుకోవాలి. ముందు గుడ్డు వాసన వస్తుంది, తరవాత వెన్నా పంచదారా కలిసిన వాసన, ఆ తరవాత కాల్చిన జీడిపప్పు వాసన లాంటిదొకటి వస్తుంది. అదిగో, అప్పుడు నిప్పులు తీసెయ్యాలి. ఇంకొంచెం ఆగితే మాడు. మామ్మ ముక్కు ముసలిదైపోయింది, నా ముక్కు మీదే ఆధారం. క్రిస్మస్ నెల వచ్చిందంటే మా పాకలో పొయ్యి ఆరేది కాదు. గుడికీ, పాస్టరు గారింటికీ, బళ్ళో టీచర్లకీ, నాన్నగారి ఆఫీసుకీ కేకులు వెళ్ళేవి. అన్నీ అమ్మ పేరు మీదే.

ఇక్కడే ఆ గరిటె సంగతి చెప్పాలి. చుట్టాలొచ్చినప్పుడు నేను వండి, కూర గిన్నెలో గరిటె వేసి, వంటపాక గుమ్మం దాకా మోసుకొచ్చేదాన్ని. అమ్మ గుమ్మానికవతల నిలబడి ఉండేది. బడి చీర మార్చుకుని, కొంగు బొడ్లో దోపుకుని, నుదుటి మీద రెండు నీళ్ళచుక్కలు కూడా చల్లుకుని, అప్పటిదాకా పొయ్యి ముందు కూర్చుని లేచిన మనిషిలా. నా చేతిలోంచి గిన్నే గరిటే అందుకుని చావిట్లోకి వెళ్ళి వడ్డించేది. "ఆహా, గ్రేసమ్మ గారూ, ఉద్యోగం చేసుకుంటూ కూడా ఈ చెయ్యేంటండీ" అని చుట్టాలు లొట్టలేసేవారు. అమ్మ నవ్వేది. నేను చావిట్లోకి వెళ్ళకూడదు. వెళ్తే నా బట్టల పొగ వాసన చెప్పేస్తుంది. "ఉద్యోగం వెలగబెట్టడానికి పసిదాన్ని పొయ్యిలో పెట్టిందిరా" అంటారని అమ్మ భయం. తన కోడలికి ఏ పనీ రాదని ఎవరూ అనకూడదని మామ్మ పంతం. ఇద్దరి పరువూ నా నోట్లో పెట్టి మూసేసేరు. చుట్టాలు గడప దాటగానే అమ్మ వచ్చి గరిటె నా చేతిలో పెట్టేసేది. "ఇదిగోనే" అనేది. ఇంకేం అనేది కాదు.

ఓసారి స్త్రీల కూడికలో పాస్టరమ్మ గారు అమ్మని నిలబెట్టి కేకు ఎలా చేస్తారో చెప్పమన్నారట. అమ్మ పాఠం చెప్పినట్టు చెప్పింది. పిండి ఇంత, గుడ్లిన్ని, పంచదార ఇంత. కొలతలన్నీ తప్పకుండానే చెప్పింది, ముందు రోజు నా దగ్గర వల్లెవేసుకుని వెళ్ళింది కదా. ఆడవాళ్ళందరూ ఇంటికెళ్ళి చేసేరు. ఒకళ్ళది పలకలా వచ్చింది, ఒకళ్ళది మధ్యలో కూలింది. "గ్రేసమ్మ గారు ఏదో దాచేరండి, చెప్పకుండా" అని గొణుక్కున్నారు. దాచేరు మరి. నన్ను. వంటపాకలో.

ఏడో తరగతి దాకా ఎలాగో లాక్కొచ్చేను. క్లాసులో మొదటి మార్కు నాదే. అమ్మే మా క్లాసు టీచరు, ఆ మార్కులేసింది ఆవిడే, కాబట్టి ఆవిడకి తెలీదని అనుకోవడానికి కూడా లేదు. ఎనిమిదిలో చేరిన కొన్నాళ్ళకి మామ్మకి ఆ నిప్పులు లాగడం కూడా చేతకాకుండా పోయింది. ఓ రోజు రొట్టె బొగ్గైపోయింది. పెదనాన్నగారు కంచం ముందు నుంచి లేచి కండువా దులుపుకుని వెళ్ళిపోయేరు. ఆ సాయంత్రం నాన్నగారు అమ్మతో "షరతు గుర్తుందా?" అని ఒక్క మాటే అన్నారు. మర్నాడు పొద్దున్న అమ్మ నా సంచీ తీసి అటక మీద పెట్టింది. "కొన్నాళ్ళేనే దయా. ఇంట్లోనే నేను చెప్తాను కదా" అంది. ఆవిడ మాటలో అబద్ధముందని నేననను. ఓ నెల రోజులు నిజంగానే పొయ్యి పక్కన పీట వేసుకుని, ఒళ్ళో పేపర్లు దిద్దుకుంటూ, నాకు డిక్టేషన్ చెప్పింది. నేను బొగ్గుముక్కతో గచ్చు మీద రాసేదాన్ని. పప్పు పొంగితే లేచేదాన్ని, కూర కలిపి మళ్ళీ కూర్చునేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ గోడకి జారబడి నిద్రపోతూ ఉండేది, కళ్ళజోడు ముక్కు మీదికి జారి. ఆవిడ కూడా అలిసిపోయేది, పాపం. నాకు జాలేసేది. అదే నా కొంప ముంచింది. జాలి లేకుండా ఉంటే అటక మీంచి సంచీ నేనే దింపుకునేదాన్ని.

అక్కణ్ణించి నా పని మధ్యాహ్నం గంటకి అమ్మ కేరేజీ పట్టుకెళ్ళడం. పోయినేడాది నేను కూర్చున్న గది గుమ్మంలో నిలబడి "అమ్మా, కేరేజీ" అనాలి. పిల్లలందరూ తలలు తిప్పి చూసేవారు. ఓ రోజు అలా వెళ్తే అమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. "నాతో రా. ఒకళ్ళింటికి వెళ్ళొచ్చి తింటాను" అంది. కేరేజీ పట్టుకుని వెనకాలే వెళ్ళేను. కాలవగట్టు మీద వీరమ్మ అని, పీచు తీసి తాళ్ళు పేనుకునే మనిషి ఉండేది. ఆవిడ కూతురు నాగమణి లెక్కల్లో చురుకైన పిల్ల, వారం నుంచి బడికి రావట్లేదు. మేం వెళ్ళేసరికి ఆ పిల్ల పొయ్యూదుకుంటోంది. వీరమ్మ పీచు వదిలేసి గబగబా లేచి చీర సర్దుకుంది.

"వీరమ్మా, పిల్లని ఎందుకు మాన్పించేవు?" అంది అమ్మ.

"ఏం చెయ్యమంటారండి టీచరు గారండీ. నేను పన్లోకెళ్తే ఇంట్లో వండేవాళ్ళు లేరండి."

"అన్నం ఎవరైనా వండుతారు. ఇది చేసిన లెక్క మా బళ్ళో ఇంకెవ్వరూ చెయ్యలేరు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఏం బావుకుంటావు? ఈ వయసులో చేతికి గరిటె ఇస్తే ఇంక జీవితంలో అది వదలదు. వద్దు. ఇవ్వకు."

అబ్బ, ఎంత బాగా చెప్పిందో. ఇప్పటికీ ఒప్పుకుంటాను. అమ్మ అలా మాట్లాడుతుంటే ఎవరైనా వినేవారు. నేను ఆవిడ వెనక నిలబడి ఉన్నాను. అప్పుడే దింపిన పులుసు, కేరేజీ కాలిపోతోంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాను. వీరమ్మ "ఆయ్, తమరు చెప్పింది నిజమేనండి" అని తలూపుతూ నా వైపు చూసింది. చూసి, ఎత్తిపొడవాలని కాదు, మామూలుగానే అడిగింది. "మరి మీ అమ్మాయి గారు కూడా బడి మానేసేరేంటండి? రోజూ కేరేజీ తేవడం చూస్తన్నాను."

అమ్మ నా వైపు తిరగలేదు. "దానికి చదువబ్బలేదు వీరమ్మా. ఎంత చెప్పినా తలకెక్కదు. వంటంటేనే ఇష్టం" అంది.

"ఆయ్" అంది వీరమ్మ.

ఇద్దరం బడికి తిరిగొచ్చేం.   అమ్మ టీచర్ల గదిలో కూర్చుని కేరేజీ విప్పి తింది. సగం తిన్నాక, "పులుసులో ఉప్పు పిసరంత ఎక్కువైందే" అంది. నేను గిన్నెలు సర్దుకుని ఇంటికొచ్చేసేను. మర్నాడు నాగమణి బడికొచ్చింది. గోడ వైపు బెంచీలో, నేను కూర్చునే చోటే కూర్చుంది. రోజూ కేరేజీ ఇచ్చేటప్పుడు గుమ్మంలోంచి ఆ పిల్ల కనబడేది. ఆ పిల్ల తప్పేం లేదని తెలుసు. తెలిసి కూడా ఆ పిల్లంటే నాకు గిట్టేది కాదు.

అమ్మ నాకు ఒక్కసారి వండిపెట్టింది. అది కూడా రాయాలి, రాయకపోతే అన్యాయం. ఆ ఏడు వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. మామ్మ మా మేనత్త వాళ్ళ ఊరు వెళ్ళి ఉంది. మగవాళ్ళకి పక్కింటివాళ్ళు అన్నం పంపేరు. నాకు మాత్రం అమ్మే బడి మానేసి బియ్యపు రవ్వతో జావ కాచింది. ఉండలు కట్టింది, అడుగంటింది, ఉప్పు లేదు. మంచం పట్టె మీద కూర్చుని చెంచాతో పట్టింది. "ఎలా ఉందే?" అంది. బావుందన్నాను. "ఉప్పేసేనా?" అంది. వేసేవన్నాను. గ్లాసడుగున మిగిలింది ఆవిడ నోట్లో వేసుకుంది. తరవాత నా కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని, నాతో కాదన్నట్టు గోడతో చెప్పింది. "నాకు వంట రాదే దయా. నాకు వచ్చింది ఒక్కటే. అది కూడా వదిలేస్తే నేనేమైపోతానో తెలీదు." ఆవిడ ఏమైపోతుందోనని నేను ఇలా అయిపోయేను. అయినా ఆ జావ రుచి నాకిప్పటికీ నాలిక మీద ఉంది. అంత చప్పటి జావ, అంత ఇష్టంగా, నేనెప్పుడూ తాగలేదు.

ఆ కాలవగట్టు మీద అమ్మ అన్న మాట మా ఇంట్లోకొచ్చి స్థిరపడిపోయింది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోడం ఎలాగో ఆవిడకి తెలీలేదనుకుంటాను. దయకి చదువబ్బలేదు. నాన్నగారూ అదే అన్నారు. తమ్ముడికీ చెల్లెళ్ళకీ ఊహ వచ్చేసరికి అది ఇంటి చరిత్రైపోయింది. వాళ్ళు చదువుకున్నారు. ప్రభు బ్యాంకు ఆఫీసరయ్యేడు, చెల్లెళ్ళిద్దరూ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. వాళ్ళందరి చదువులూ అయ్యేదాకా నాకు పెళ్ళి మాట ఎత్తలేదు. అప్పటికి మామ్మ పోయింది. నేను పెళ్ళయి వెళ్ళేక పెదనాన్నగారికి కోడలొచ్చింది కాబట్టి కంచాల బాధ తీరింది. మా ఆయన గ్రంథాలయంలో పనిచేసేవారు. ఇంటికి సంచీల నిండా పుస్తకాలు తెచ్చి పడేసి, "చదువబ్బని మనిషివి కదా, ఇవి దులిపి పెట్టు" అని నవ్వేవారు. ఆయన చలవే ఈ నాలుగు ముక్కలు రాయడం. నా కథలు అచ్చయినప్పుడు అమ్మ ప్రతిదీ చదివేది. తప్పులు ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేది. "బావుంది" అని మాత్రం అనేది కాదు. అంటే చదువబ్బలేదన్న ఆ పాత మాట అబద్ధమని ఒప్పుకోవాలి కదా.

సరే, కొట్టు దగ్గరికొద్దాం. జనం ఇంకా రాలేదని స్నేహ నన్ను లోపల తిప్పి చూపించింది. నా ఎత్తున్న స్టీలు ఓవెను. లోపల దీపం, అద్దం తలుపు, లోపల ఏం జరుగుతోందో నిలబడి చూడచ్చు. అయిపోతే అదే కూస్తుంది, ముక్కుతో పని లేదు. గుడ్లు మిషను గిలక్కొడుతుంది. చూస్తే సంతోషమే వేసింది, నిజం చెప్తున్నాను. ఏ ఆడపిల్లకీ రెక్కలు పడిపోవక్కర్లేదు. వెనకాల తొట్టె దగ్గర ఒకావిడ ట్రేలు కడుగుతోంది. స్నేహ వాళ్ళింట్లో వంట కూడా ఈవిడే చేస్తుందట. కె.గంగవరం వైపు మనిషి, పొద్దున్న మొదటి బస్సుకి వస్తుంది. "మరి మీ ఇంట్లో వంటెవరు చేస్తారమ్మా?" అనడిగేను. "మా పెద్దమ్మాయండి." "చదువుకోట్లేదా?" "మానేసిందండి." ట్రే బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని, నా ముఖం కేసి చూడకుండా అంది, "దానికి చదువబ్బలేదండి." నేను స్నేహ వైపు చూసేను. అది ఫోనులో ఎవరికో దారి చెప్తోంది.

కుర్చీలు నిండేయి. ప్రార్థనయ్యేక ప్రభు మైకందుకున్నాడు. "మా అమ్మ తెల్లారకుండా లేచి అందరికీ వండిపెట్టి, బడికెళ్ళి, వచ్చి మళ్ళీ వండేదండి. ఆ చేతి రుచి ఇంకెక్కడా తగల్లేదు. మా అక్కకి చదువబ్బలేదు గానీ, అమ్మకి చేదోడువాదోడుగా ఉండేది" అన్నాడు.  వాడు అబద్ధమాడట్లేదు, వాడికి తెలిసింది అదే. చావిట్లో కూర్చుని తిన్నవాడికి గుమ్మం ఇవతలి సంగతి ఎలా తెలుస్తుంది. అందరూ చప్పట్లు కొట్టేరు. నేనూ కొట్టేను.

రిబ్బను కత్తిరించడానికి పిలిచిన పెద్దమనిషి ఎవరనుకున్నారు, నాగమణి. హైస్కూలు హెడ్మిస్ట్రెస్సుగా రిటైరైంది. నెరిసిన ముడి, పట్టంచు చీర, నెమ్మదైన మనిషి. నా పక్క కుర్చీలోనే కూర్చుంది. చప్పట్లు సద్దుమణిగేక నా వైపు వంగి, ఇంకెవరికీ వినపడకుండా అంది. "ఆ రోజు మా ఇంటి దగ్గర మీ చెయ్యి కాలిందండి. కేరేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటా నిలబడ్డారు. పొయ్యి దగ్గర్నుంచి నేను చూసేను."  ఆవిడే మళ్ళీ అంది. "చదువబ్బలేదన్న మాట మా అమ్మ నమ్మలేదండి. మీరటు వెళ్ళగానే, 'పాపం ఆ పిల్ల' అంది."

కాలవగట్టు మీద పీచు తీసుకునే మనిషి ఒక్క చూపులో పట్టింది, నాతో ఒకే ఇంట్లో తిని పెరిగినవాళ్ళకి పట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ వచ్చింది.

కేకు పంచేరు. ప్రభు ఓ ముక్క స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టి, నేను తినేదాకా నిలబడి, "ఏంటక్కా, అమ్మ చేతి రుచి వచ్చిందా?" అనడిగేడు. చుట్టూ ఉన్నవాళ్ళు నా జవాబు కోసం చూస్తున్నారు.

"రాలేదురా" అన్నాను. "అమ్మ చేతి వంటలో ఉప్పుండదు."

అందరూ నవ్వేరు. "అక్కెప్పుడూ ఇంతేనండి, కేకులో ఉప్పంటుంది" అని వాడూ నవ్వేడు. నాగమణి నవ్వలేదు.

"నవ్వులాట కాదురా ప్రభూ. అమ్మ చేతి వంట నువ్వు తినలేదు. ఒక్కసారి కూడా. నువ్వు తిన్నదంతా నేను వండింది. కేకులూ, రొట్టెలూ, అన్నీ. ఆవిడకి వంట రాదు. ఆవిడకి వచ్చింది పాఠం చెప్పడం. నాకు రానిది ఏదీ లేదు, చదువుతో సహా."

వాడి ముఖం మాడిపోయింది. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకక్కా ఇవన్నీ, నలుగురిలో" అన్నాడు.

"నలుగురి కోసమే కదరా దాచింది" అన్నాను.

వాడు ప్లేటు పట్టుకుని అవతలికి వెళ్ళిపోయేడు. స్నేహ మాత్రం నన్ను కారు దాకా దింపడానికి వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది. "నిజమా అత్తా?" అంది. నిజమన్నాను. ఇద్దరం తలలెత్తి బోర్డు చూసేం.

"ఆ గరిటె తీయించవే" అన్నాను. "అది చేతిలో లేకుండా బతకడానికే ఆవిడ జీవితమంతా పాట్లు పడింది. చచ్చేక తీసుకొచ్చి అంటగట్టేరు. సుద్దముక్క ఉండేది, అదే పెట్టించు."

"కేకుల కొట్టు మీద సుద్దముక్కేంటత్తా, జనం నవ్వరూ?" అంది అది, నెమ్మదిగా. మళ్ళీ కొంచెం ఆలోచించి, "మరి గరిటె?" అంది.

"అది నాది" అన్నాను.

అలాగే అత్తా, మార్పిస్తానంది. నెల దాటింది. నిన్న అటు వెళ్ళొచ్చినవాళ్ళని అడిగేను, బోర్డు ఎలా ఉండేదో అలాగే ఉందట. వ్యాపారం బాగా సాగుతోందట, సంతోషం. ఆ దీపాల వెలుగులో అమ్మ గరిటె పట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆవిడ మీద నాకున్న కోపం చిన్నదేం కాదు, ఈ వయసులో కూడా తగ్గట్లేదు. కానీ ఒకటి చెప్పాలి. గుమ్మం దగ్గర నా చేతిలోంచి తీసుకున్న గరిటెని, చుట్టాలు గడప దాటగానే ఆవిడ మళ్ళీ తెచ్చి నాకిచ్చేసేది. వీళ్ళివ్వలేదు.